ఒకే కాడి కింద రెండు ప్రాసెసర్లు

ముందు వినిపించింది నాలుక చప్పుడు. ట్లక్, ట్లక్. కాసేపు ఆగి మళ్లీ ట్లక్. ఎడ్లను అదిలించే చప్పుడు అది. తమిళనాట విరుదునగర్‌లో మిరపకాయల గోడౌన్ల నడుమ ఉన్న ఒక కేలండర్ల ప్రెస్సు మేడ మీద, ఏసీ గది అద్దం తలుపు వెనక నుంచి వస్తోంది. గోడకు ఇవతల నేను తెలుగు కేలండరు ప్రూఫులు దిద్దుకుంటున్నాను. కింద యంత్రాలు రాబోయే ఏటి రోజులను కాగితాల మీద అద్దుతున్నాయి. అవతల ఎవరో బండి కట్టుకుని ఎక్కడికో పోతున్నారు.

లేచి తలుపు తోశాను. బండి లేదు. మూత విప్పిన పెద్ద కంప్యూటరు పెట్టె ముందు ఒక మనిషి గొంతుకూర్చుని ఉన్నాడు. సన్నటి నల్లటి మనిషి. తెర ఇంకా వెలగలేదు. పెట్టె లోపల రెండు చిన్న ఫ్యాన్లు తిరగడం మొదలుపెట్టాయి.

"ఎక్కడికి ప్రయాణం?" అన్నాను తెలుగులో, నాలో నేను అనుకున్నట్టు. అతను తల తిప్పకుండా అదే భాషలో జవాబు చెప్పాడు.

"యాడికీ లేదన్నా. లోపల రెండెద్దులుండాయి. అదిలిస్తేగాని లేవవు."

అది 2003 ఎండాకాలం. అతని పేరు తిరుమలసామి. ఆ ప్రెస్సులో కంప్యూటర్లన్నిటికీ అతనే వైద్యుడు. కోవిల్‌పట్టికి పడమరగా, నల్లరేగడిలో మునిగినట్టుండే ఒక పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. వాళ్ల ఇంటి భాష తెలుగు. గడప దాటితే అరవం. తెలుగు అక్షరం ఒక్కటి కూడా రాదు. నా చేతిలోని ప్రూఫు కాగితం అడిగి తీసుకుని, తన ఇంటి మాటలకు ఇలాంటి ఒళ్లు ఉంటుందా అన్నట్టు చాలాసేపు చూశాడు. అతను మాట్లాడుతుంటే మా అమ్మమ్మతోనే పోయాయనుకున్న మాటలు మళ్లీ ఎండలోకి వచ్చి నిలబడేవి.

ఆ పెట్టె గురించి అతను చెప్పే తీరే వేరు. మామూలు కంప్యూటరుకు ఒకే ప్రాసెసర్ ఉంటుంది, అంటే లెక్కలు చేసే మెదడు. దీని మదర్‌బోర్డు మీద రెండున్నాయి. ఒకే రకం, ఒకే వేగం, పుట్టుకతో జత. చెన్నైలో మూతపడిన ఏదో కంపెనీ నుంచి దీన్ని ప్రెస్సు యజమాని బాలచందర్ కొనుక్కొచ్చాడు. పెద్ద బొమ్మలను తెర మీద తెరవాలంటే, రంగులు సరిచేయాలంటే, రెండూ కలిసి లాగాలి. అలా లాగుతున్నప్పుడు తిరుమలసామి ముఖంలో ఒక శాంతి కనిపించేది. పొలం గట్టు మీద నిలబడి దున్నుతున్న ఎడ్లను చూసే మనిషి ముఖం.

అతని తండ్రి తంగసామికి ఒకప్పుడు నిజంగానే జత ఎడ్లుండేవి. ఆయన వాటితో నాలుగెకరాలు దున్నేవాడు, ఖాళీ రోజుల్లో అగ్గిపెట్టెల కొట్లకు పుల్లలు తోలేవాడు. 1990లో, తిరుమలసామి కోవిల్‌పట్టిలో ఐటీఐకి పోతున్న రోజుల్లో, ఒకదాన్ని పాము కరిచింది. ఆ ఎత్తుకూ ఆ నడకకూ సరిపోయే ఎద్దు చుట్టుపక్కల సంతల్లో ఎక్కడా దొరకలేదు. చివరికి తండ్రి ఒక వయసు ఎద్దును తెచ్చి, మిగిలిన ముసలిదాని పక్కన కట్టాడు. ఊళ్లో నవ్వారు. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి బూటు అన్నారు. తంగసామి పట్టించుకోలేదు. కాడికి నడుమ ఉండే కట్టును విప్పి, బలమైన ఎద్దు వైపు నాలుగు వేళ్లు జరిపి మళ్లీ బిగించాడు. అప్పుడు ముసలిదాని మీద బరువు తగ్గుతుంది, వయసుది ఎక్కువ మోస్తుంది, రెండూ కలిసి నడుస్తాయి. ఆ రోజు సెలవు. తిరుమలసామి గట్టు మీద నిలబడి చూశాడు. సాలు దారం పట్టి గీసినట్టు వచ్చింది. జత కుదరకపోయినా కట్టు తెలిస్తే చాలునని ఆ పద్దెనిమిదేళ్ల మనసులో పడిపోయింది. ఆ నమ్మకంతోనే అతను తర్వాత రేడియోలు, టీవీలు, కంప్యూటర్లు బాగుచేశాడు. ఒకదాని కాలు ఇంకోదానికి పెట్టి నడిపించాడు.

ఇంట్లో అతనికంటే నాలుగేళ్లు పెద్దది అక్క పొన్నుత్తాయి. చిన్నతనంలోనే అగ్గిపెట్టెల పనికి పోయింది. పెట్టెల మీద అంటించే చీటీల్లోని చిలుకను, నెమలిని, తాళంచెవిని చూసి గీయడం నేర్చుకుంది. నేర్పినవాళ్లెవరూ లేరు. తర్వాత తాయిల్‌పట్టిలో బాణాసంచా షెడ్డుకు మారింది. తెల్లవారుజామున వ్యాను వచ్చి ఎక్కించుకుపోయేది. ఆదివారాలు మాత్రం ఆమెవి. పదేళ్ల ఆదివారాల్లో పన్నెండు బొమ్మలు వేసింది. అరవ ఏడాది మొదలయ్యే చిత్రై నెల ఎండలో పత్తికట్టెలు పీకే ఆడవాళ్లు. ఆషాఢ శ్రావణాల నడుమ వచ్చే ఆడి నెల గాలికి ఎగిరే చీరకొంగులు. దీపావళి వచ్చే ఐప్పసి నెలలో మొదటి వాన పడి, నల్లమట్టి ఊపిరి పీల్చుకునే సాయంత్రం. ఆ వానబొమ్మలోని ఆకాశానికి అంగడి రంగు ఏదీ నచ్చక, తండ్రి పంచెలకు పెట్టే నీలిమందులో జిగురు కలిపి తానే ఒక నీలం చేసుకుంది. ఆ నీలం నేను చూశాను. మబ్బుకు మెలకువ వచ్చినట్టు ఉంటుంది.

1999లో ఒక పొద్దున షెడ్డు అంటుకుంది. నలుగురు పోయారు. పొన్నుత్తాయి బతికింది. కుడిచేతికి మూడు వేళ్లు లేవు, మిగిలిన రెండూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పన్నెండు బొమ్మలూ ఇంట్లో రేకు పెట్టెలోకి వెళ్లిపోయాయి. వాటికి పదమూడోది లేదు.

నాలుగేళ్ల తర్వాత ఆ పెట్టెను బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చి బాలచందర్ ముందు తెరిచింది తమ్ముడే. యజమాని ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూశాడు. పన్నెండు బొమ్మలు, పన్నెండు నెలలు, ఒక కేలండరు. ప్రతి పేజీకి కింద మూలన ఆమె పేరు. ఒప్పుకున్నాడు. ఆడి నెల పద్దెనిమిదో రోజున ఆ ప్రాంతంలో ప్రెస్సులన్నీ కొత్త కేలండర్ల ఆల్బం తెరుస్తాయి. ఊరూరి వ్యాపారులు వచ్చి, ఆ రోజు చూసినవాటిలోంచే ఎంచుకుంటారు. ఆ రోజుకు ఆల్బంలో లేని బొమ్మ ఆ ఏటికి లేనట్టే. పొన్నుత్తాయి బొమ్మలు ఆ రోజుకు సిద్ధం కావాలి.

ఆ ప్రెస్సులో ఇంకొక ఆచారముంది. చేత్తో వేసిన బొమ్మను స్కాను చేశాక, అసలు కాగితాన్ని కోసేస్తారు. ఇంకో ప్రెస్సు చేతికి చిక్కకూడదని. తిరుమలసామి పన్నెండింటినీ స్కాను చేసి, చెరిపి మళ్లీ వాడుకునే జిప్ డిస్కుల్లో దాచి, కాగితాలను తానే కిందికి తీసుకుపోయి కటింగ్ మిషన్ కింద పెట్టాడు. నేను చూస్తుండగానే పెట్టాడు. బాధగా లేదా అని అడిగాను. లోపలికి పోయినవి మాసిపోవు, చిరిగిపోవు, చెదలు పట్టవు అన్నాడు. ఇంట్లో పెట్టెలో ఉంటే ఎలకలు కొట్టేవి అన్నాడు. అతని గొంతులో పిల్లను మంచి బడిలో చేర్పించిన తండ్రి ధీమా ఉంది.

ఆ వారమే పొన్నుత్తాయి ఒకసారి ప్రెస్సుకు వచ్చింది. కుడిచేయి కొంగులో దాచుకుని, తెర ముందు కుర్చీ అంచున కూర్చుంది. తమ్ముడు వానబొమ్మ తెరిచి పెద్దది చేశాడు. తెర నిండా ఒక ఆడమనిషి ముక్కు.

"ఒరే, ఇంత ముక్కు నేను ఎప్పుడేస్తినిరా? మూసెయ్, బయంగా ఉండాది."

"నీ ముక్కే అక్కా అది. అద్దంలో జూసి ఏసింటావు."

ఆమె నవ్వింది. తమ్ముడు బొమ్మను మళ్లీ చిన్నది చేశాక, ఎడమచేతి వేలితో తెర మీద ఆ నీలాన్ని ఒకసారి తాకింది.

ఆడి పద్దెనిమిదికి ఇరవై రోజులుందనగా పెట్టె ఆగిపోయింది. గోడౌన్ల నుంచి వచ్చే మిరప దుమ్ము మెల్లగా పేరుకుని ఒక ఫ్యాను రెక్కలు బిగుసుకుపోయాయి. దాని కింది ప్రాసెసర్ కాలిపోయింది. మిగిలిన ఒక్కదానితో పెట్టె నడుస్తుంది గాని, ఒక బొమ్మ తెరుచుకోవడానికే టీ తాగి రావచ్చు. అలాటి ప్రాసెసరే ఇంకొకటి కావాలి. తిరుమలసామి చెన్నై వెళ్లి రెండు రోజులు అంగడి అంగడీ తిరిగాడు. ఆ రకం రావడం ఆగిపోయి చాలా కాలమైందన్నారు. దానికంటే కొంచెం వేగమైనది, తర్వాత పుట్టినది మాత్రం దొరికింది. బోర్డులో కూర్చునే గుంట ఒకటే, కింది పిన్నుల కాళ్లు ఒకటే. వేగం వేరు, కరెంటు ఆకలి వేరు. మదర్‌బోర్డుతో వచ్చిన పుస్తకంలో రెండూ అచ్చంగా ఒకే రకానివి ఉండాలని రాసి ఉంది. ఆ వాక్యం నాకు చూపించింది అతనే. చూపించి నవ్వాడు.

"పుస్తకం రాసినోడు ఎద్దును కట్టలేదన్నా."

ముసలిదాన్ని మొదటి గుంటలో, కొత్తదాన్ని రెండో గుంటలో పెట్టాడు. మొదటి గుంటలో ఉన్నదాన్నిబట్టే బోర్డు రెండింటికీ కరెంటు పంచుతుంది. కొత్తదానికి కావలసినదానికంటే పిసరంత తక్కువ. వయసుది కదా, ఓర్చుకుంటుంది అన్నాడు. అదే అతని కట్టు, నాలుగు వేళ్లు జరిపిన కట్టు. మూత వేయకుండా మీట నొక్కి, నాలుకతో ట్లక్ ట్లక్‌మన్నాడు. ఫ్యాన్లు తిరిగాయి. తెర మీద ప్రాసెసర్లు రెండు అని అక్షరాలు పడ్డాయి. గదిలో ఉన్నవాళ్లందరం ఊపిరి వదిలాం. బాలచందర్ కిందికి మిఠాయికి మనిషిని పంపాడు. కోవిల్‌పట్టి వేరుశనగ మిఠాయి చప్పరిస్తూ తిరుమలసామి ఆ రోజంతా తెర ముందే ఉన్నాడు. సాలు చూస్తూ కూర్చున్నాడు.

తర్వాతి పన్నెండు రోజులు అక్క బొమ్మల మీదే పనిచేశాడు. కాగితం మడతలు తుడిచాడు. నూనె మరకలు తీశాడు. ఆమె పేరును ప్రతి పేజీ మూలన అరవంలో పెట్టాడు. తర్వాత నన్ను పిలిచి, తెలుగులో ఎట్లుంటుందో రాసిమ్మన్నాడు. రాసిచ్చాను. ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఒక్కో బొమ్మ అయిపోగానే దాన్ని కుదించి దాచి, సీడీ మీదికి ఎక్కించేవాడు. సీడీ అయ్యాక జిప్ డిస్కు చెరిపేసేవాడు. డిస్కులు తక్కువ, మిగతా కేలండర్లకూ అవే కావాలి. అక్కడ అందరూ చేసే పనే అది.

ఒక్క పని చేయలేదు. దాచినదాన్ని మళ్లీ తెరిచి చూడలేదు. తెర మీద బొమ్మ నిండుగా ఉంది, పెట్టె గుర్రంలా పోతోంది, రోజులు తరుగుతున్నాయి. ఒకసారి మాత్రం తెర ఉన్నట్టుండి రాయిలా బిగిసిపోయింది. అతను వంగి పెట్టె పక్కను అరచేత్తో నిమిరి, మళ్లీ నడిపించాడు.

ఆడి పదిహేనున సీడీలు అచ్చుకు ఫిల్ములు తీసే చోటికి వెళ్లాయి. పదహారున ఫిల్ములూ నమూనా అచ్చులూ వచ్చాయి. బాలచందర్ బల్ల మీద పరిచాడు. మొదటి బొమ్మలో పత్తికట్టె పీకే ఆమె నుదుటి మీదుగా వెంట్రుకంత గీత. ఆ గీతకు కింద కళ్లు రెండు వేళ్లు పక్కకు జరిగి ఉన్నాయి. చెంపలు ఆకుపచ్చ. రెండో బొమ్మలో కొంగులు ముక్కలుగా తెగి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మూడు. నాలుగు. వానబొమ్మలో సగం ఆకాశం మెలకువగానే ఉంది. మిగతా సగం తుప్పు.

తిరుమలసామి పరుగెత్తి మేడెక్కి సీడీలు తెరిచాడు. సీడీల్లోనూ అంతే. పెట్టెలో దాచినవీ అంతే. తిండి చాలని ఆ కొత్త ప్రాసెసర్ పడిపోలేదు, కేక వేయలేదు. బొమ్మను కుదించేటప్పుడు ఎప్పుడో ఒక క్షణం ఒక లెక్క తప్పుతూ వచ్చింది. అక్కడి నుంచి కిందికి అంతా తప్పే. జిప్ డిస్కుల మీద ఇప్పుడు వేరే ఊరి దేవుళ్లున్నారు. కాగితాలు లేవు. అతను డిస్కులను ఒక్కొక్కటిగా పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూశాడు. సాయంత్రానికి చూడటం ఆపేశాడు. ఏసీ ఆపిన గదిలో రెండు ఫ్యాన్లు మాత్రం కలిసి తిరుగుతున్నాయి, ఏమీ ఎరగనట్టు.

బాలచందర్ అరవలేదు. అరిస్తే బాగుండేదని తిరుమలసామి తర్వాత అన్నాడు. యజమాని ఆ పన్నెండు పేజీల చోట బీరువాలోని పాత పూలబొమ్మలు పెట్టించాడు. పద్దెనిమిదిన ఆల్బం తెరిచారు. వ్యాపారులు వచ్చారు, పూలను మెచ్చుకున్నారు.

మర్నాడు తిరుమలసామి పనికి రాలేదు. అతని స్క్రూడ్రైవర్ల డబ్బా గదిలోనే ఉంటే, అది ఇచ్చే వంకతో నేను ఆ ఊరు వెళ్లాను. అక్క ఇంట్లో లేదు, నీళ్లకు పోయింది. తంగసామి అరుగు మీద పంచె మోకాళ్ల దాకా లాక్కుని కూర్చున్నాడు. కొడుకు స్తంభానికి ఆనుకుని నేల చూస్తున్నాడు. ఏం జరిగిందో తండ్రికి అప్పటికే చెప్పినట్టున్నాడు. నైనా, నువ్వట్లనే కట్టితివి గదా, సాలు ఎంత తిన్నగా వచ్చెనో నేను చూస్తిని గదా అని, జవాబు కోసం కాకుండా, రాతికి చెప్పినట్టు చెప్పాడు.

ముసలాయన దూరాన ఉన్న కరెంటు గాలిమరల వైపు ముఖం తిప్పాడు. కయత్తారు దిక్కున అవి మెల్లగా తిరుగుతున్నాయి.

"నువ్వు సాలు జూస్తివి. నేను కాడి దించినప్పుడు నువ్వు బస్సెక్కి పోయింటివి. ఆ వయసెద్దు మెడ కుళ్లిపోయిండెరా. పైకి తెలియలే, కాడి కిందనే కుళ్లె. పురుగులు పడినంక జూస్తిని. కసాయోనికి ఇచ్చి, తప్పిపోయెనని మీ ఇద్దరికీ చెప్పితిని."

పదమూడేళ్లు ఆ మాట ఆయన నోట్లోనే ఉంది. తిరుమలసామి తలెత్తలేదు. నేను డబ్బా అరుగు మీద పెట్టాను. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

ఆ ఏడు నా ప్రూఫుల పని ముగిసి నేను వచ్చేశాను. మళ్లీ అతన్ని చూసింది 2007లో, కోవిల్‌పట్టి బస్టాండులో. మొదట గుర్తుపట్టలేదు. తలా కనుబొమలూ తెల్లగా ఉన్నాయి. దులుపుకుంటే తెలిసింది, అది వయసు కాదు, సున్నపురాయి దుమ్ము. ఆలంగుళం వైపు ఒక క్వారీలో రాళ్ల లారీలు తూచే చోట పనిచేస్తున్నాడు. లారీ ఎక్కుతుంది, అంకె పడుతుంది, చీటీ ఇస్తాడు, లారీ దిగుతుంది. దాచేది ఏమీ లేదు అన్నాడు. కంప్యూటరు మూత విప్పి నాలుగేళ్లయిందన్నాడు. మాటల నడుమ నాలుక ఒకసారి అంగిలికి తగిలింది. వెంటనే పెదవులు బిగించాడు.

బస్సు రావడానికి ఇంకా సమయముంది. అడగకుండానే చెప్పాడు. ఆల్బం తెరిచిన రోజు ఉత్త చేతులతో ఇంటికి పోలేక, నమూనా అచ్చుల్లోంచి వానబొమ్మ ఒక్కటి చుట్టి తీసుకుపోయాడట. అక్కకు ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కున్నాడట. ఆమె ఎడమచేత్తో అందుకుని, వాకిట్లో వెలుతురులోకి పోయి, వీపు ఇటు పెట్టి నిలబడి చూసిందట. చాలాసేపు. తిరిగి వచ్చి, బాగుండాదిరా అన్నదట. కింది సగం రంగు మారింది గదా అక్కా అని ఇతను నోరు తెరవబోతే, ఆ రంగు నేనే ఏస్తిని, నువ్వు మరిచిపోతివి అన్నదట. అన్నం మెతుకులు నలిపి తానే గోడకు అంటించిందట. ఇప్పటికీ అక్కడే ఉంది.

అయితే ఆమెకు తెలియనే లేదా అని అడిగాను. విరుదునగర్ బస్సు వచ్చి నిలబడింది. అతను నా సంచి అందించి, కిటికీ కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"తెలియకేమన్నా. ఆ దినం మొదలు నీలిమందు డబ్బా ఇంట్లో లేదు. యాడ పారేసెనో నేను అడగలే. మా నైన పంచెలు అప్పటినించి పచ్చబడే ఉండాయి."